వాన, భూగర్భ జలాల వివరాలు తెరపై ఉన్నా విశ్లేషకులు మళ్లీ ఎక్సెల్‌కే ఎందుకు పోతున్నారు?

హగరి ఒడ్డు (అనంతపురం):
అందరికీ నమస్కారం. వర్షపాతం, భూగర్భ జలమట్టం, వేరుశనగ సాగు విస్తీర్ణం, ఈ మూడింటినీ ఒకే తెరపై చూపే డ్యాష్‌బోర్డును మా చిన్న బృందం తయారుచేసింది. ఉమ్మడి అనంతపురం జిల్లా 2022లో రెండుగా విడిపోయినప్పటికీ, పాత రికార్డులతో పోల్చుకోవడానికి వీలుగా 63 మండలాలనూ కలిపే ఉంచాము. రంగులు వేసిన పటం, గుండ్రని ముక్కల పై (pie) చార్టులు, స్పీడోమీటరులా ముల్లు తిరిగే బొమ్మలు అన్నీ ఉన్నాయి. సమావేశంలో చూసినవారంతా మెచ్చుకున్నారు. అయితే రోజూ దీనితో పనిచేయవలసిన ఇద్దరు విశ్లేషకులు వారం తిరగకముందే వివరాలను డౌన్‌లోడ్ చేసుకొని, ఎక్సెల్‌లో కొన్ని వరుసలకు పసుపు రంగు పూసుకుంటూ కూర్చున్నారు. అడిగితే, "చూడడానికి బాగుంది సార్, మాకు కావలసింది మాత్రం అందులో దొరకడం లేదు" అన్నారు. ఏమి మార్చాలో చెప్పగలరా?

పాత లెక్కలవాడు (కడప):
వారు పసుపు రంగు పూసింది ఏ వరుసలకో మీరు చూశారా? నా దృష్టిలో మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. విశ్లేషకుణ్ణి "మీకేం కావాలి" అని అడిగితే ఇంకో చార్టు కావాలంటాడు. పక్కన కుర్చీ వేసుకొని ఒక పూట కూర్చుంటే, అతడు ఏ రెండు అంకెలను మళ్లీ మళ్లీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడో మీకే తెలుస్తుంది.

ఇక ముళ్ల బొమ్మలనూ పై చార్టులనూ నిస్సంకోచంగా తీసేయండి. ఒకే కొలబద్దపై ఉన్న చుక్కల స్థానాలను మన కన్ను బాగా పోల్చగలదనీ, కోణాలు, వైశాల్యాలు, రంగుల గాఢత విషయంలో అంతకంతకూ తడబడుతుందనీ క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు 1984లోనే ప్రయోగాలతో చూపారు. ముందు మొత్తం దృశ్యం, తరువాత దగ్గరకు లాక్కోవడం, వడకట్టడం, అడిగినప్పుడే పూర్తి వివరాలు అన్న వరుసను కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ 1996లో సూచించారు. మీ తెర అన్నిటినీ ఒకేసారి ముందు పోసినట్టుంది.

నల్లరేగడి (కర్నూలు):
పై మాటతో ఏకీభవిస్తూ, జలమట్టం గురించి రెండు విషయాలు చేరుస్తాను. జలమట్టాన్ని నేల నుంచి ఎన్ని మీటర్ల లోతున ఉందో కొలుస్తాము కాబట్టి, నీరు కిందికి దిగేకొద్దీ అంకె పెరుగుతుంది. దాన్ని మామూలు గ్రాఫులో వేస్తే, బోర్లు ఎండుతున్న ఏడాదిలో గీత పైకి ఎగబాకుతూ శుభవార్తలా కనిపిస్తుంది. సున్నాను పైన పెట్టి నిలువు అక్షాన్ని తలకిందులు చేయండి. నీరు దిగితే గీత కూడా దిగాలి.

రెండోది, మండల సగటు. మన నేల చాలావరకు గట్టిరాయి. నీరు పగుళ్లలో ఉంటుంది కనుక ఒక బోరులో నీరున్నా పక్క చేను బోరు వట్టిపోవచ్చు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు తుంగభద్ర ఎగువ కాలువ పారే ఊళ్లనూ, కాలువ ఎక్కని ఊళ్లనూ కలిపి సగటు తీస్తే, ఆ అంకె ఏ ఊరిదీ కాకుండా పోతుంది. కొలత తీసిన ప్రతి బావినీ చుక్కగా చూపి, సగటును సన్నని గీతగా మాత్రమే ఉంచండి. పటంలో కొన్ని చుక్కలను ఎంచుకుంటే గ్రాఫులో వాటి గీతలే వెలగాలి. అది లేకపోతే విశ్లేషకుడు రెండు బొమ్మల మధ్య పేర్లు గుర్తుపెట్టుకుంటూ తిరగవలసి వస్తుంది.

హగరి ఒడ్డు:
నిన్న మధ్యాహ్నం వారి పక్కన కూర్చున్నాను. పసుపు పూసినవి బెట్ట వరుసలు. రోజుకు 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన పడిన రోజుగా లెక్క. అలాంటి రోజు లేకుండా ఎన్నాళ్లు గడిచాయో వారు మండలం వారీగా వేలు పెట్టి లెక్కిస్తున్నారు. నేనేమో సీజను మొత్తం వర్షాన్ని చూపుతున్నాను. మొత్తం సాధారణంగానే ఉన్నా, వేరుశనగ ఊడలు నేలలోకి దిగే సమయంలో బెట్ట పడితే కాయ ఊరదన్న సంగతి ఇక్కడ పుట్టి పెరిగిన నాకు తట్టకపోవడం సిగ్గుగానే ఉంది.

ఒక్కో మండలానికి ఒక అడ్డువరుస, ఒక్కో రోజుకు ఒక గడి చొప్పున కొత్త పట్టిక గీశాను. బెట్ట కాలం ఖాళీ పట్టీలా ఒక్క చూపులో కనబడుతోంది. అయితే ఒక మండలంలో వరుసగా 19 రోజులు ఖాళీ చూసి కంగారుపడ్డాము. తీరా చూస్తే వాన పడకపోవడం కాదు, కొలత రాలేదు. మా ప్రోగ్రాము ఖాళీని సున్నా చేసేసింది. ఇప్పుడు కొలత రాని రోజుకు అడ్డగీతల గడి వేస్తున్నాను. రంగులు మాత్రం తేలలేదు. వాతావరణ శాఖ పటాల్లో లోటుకు ఎరుపు, భారీ లోటుకు పసుపు వాడతారు కదా, అదే కొనసాగించాలా?

పాత లెక్కలవాడు:
సీజను లోటు పటంలో ఆ రంగులే ఉంచండి, మీ విశ్లేషకుల కళ్లు వాటికి అలవాటుపడ్డాయి. కాకపోతే 19 శాతం లోటు సాధారణమై ఆకుపచ్చగా, 20 శాతం లోటు ఎరుపుగా కనబడితే ఒక్క శాతానికే పెద్ద అగాధం ఉన్నట్టు తోస్తుంది కనుక, గడిపై అసలు అంకెను కూడా వేయండి. మీ కొత్త పట్టికకు మాత్రం ఒకే నీలాన్ని లేత నుంచి ముదురుకు వాడండి; ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివారికి కూడా అది ఇబ్బంది పెట్టదు.

నల్లరేగడి:
పట్టికలో మండలాలను అక్షరక్రమంలో కాకుండా బెట్ట రోజుల ప్రకారం పేర్చే మీట ఒకటి పెట్టండి. పసుపు రంగు పూసే పని చాలావరకు దానితోనే తప్పుతుంది.

హగరి ఒడ్డు:
పెట్టాను. ఈ ఉదయం డౌన్‌లోడ్ మీట తీసేయమంటారా అని అడిగితే, ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఉంచేశాను.