చదవకుండానే ‘అచ్చుదిద్దాను’ అని గుర్తు పెట్టేవాళ్లతో ఎలా వేగాలి?

రెండోచూపు:
మా డిజిటల్ లైబ్రరీలో నాది రెండో విడత పని. ఓసీఆర్ అంటే స్కాన్ బొమ్మలోని అక్షరాల్ని యంత్రం చదివి పాఠంగా మార్చడం. ఒకరు ఆ ఓసీఆర్ పాఠాన్ని స్కాన్‌తో పోల్చి దిద్దాక, నేను మళ్లీ చూసి ఖాయం చేస్తాను. నిన్న ఒక పాత మాసపత్రిక సంపుటం తెరిచాను. 46 పుటలు ఒకాయనే దిద్దినట్టుంది. పుటల మార్పుల చరిత్రలో వేళలు చూస్తే పుటకీ పుటకీ మధ్య నిమిషం కూడా లేదు. నాకు ఊరికే చదవడానికే మూడు నిమిషాలు పడుతుంది!

అచ్చులో “పాలు పోసి” ఉంటే ఇక్కడ “వాలు పోసి”. “ఏఱు దాటి” కాస్తా “ఏరు దాటి” అయింది. అరసున్నలు సగం ఎగిరిపోయాయి. సరే, ఇవి కంటికి ఆనవనుకుందాం. ఒక పుటలో రెండు నిలువు వరుసలుంటే ఓసీఆర్ అడ్డంగా చదివేసింది. ఎడమపక్క పెళ్లికూతురి కథలోకి కుడిపక్క వ్యవసాయ వ్యాసం చొరబడింది. అదీ ‘దిద్దినదే’! పైగా ఇంకోచోట “పోవుచున్నాఁడు”ని “పోతున్నాడు” చేశారు. ఓపిక లేనివారికి ఆ ఓపిక ఎక్కణ్ణుంచి వచ్చిందో.

గట్టిగా అంటే మానేస్తారేమో. ఊరుకుంటే అదంతా నా నెత్తిన. ఏం చేయమంటారు?

నిదానం:
46 పుటలూ మీరు కూర్చుని దిద్దకండి. వాటి స్థితిని మళ్లీ ‘దిద్దనివి’గా మార్చేయండి. పాత పుస్తకాల్ని అందరూ కలిసి దిద్దే వికీసోర్స్‌లో పసుపు (ఒకసారి దిద్దినది) పెట్టినవారే ఆకుపచ్చ (ఖాయం చేసినది) పెట్టలేరు, రెండో మనిషి కావాల్సిందే. అలాంటిదే ఇంకో సైటు, డిస్ట్రిబ్యూటెడ్ ప్రూఫ్‌రీడర్స్‌లోనైతే మూడు విడతల చదువు. కానీ ముందువారు చదివారన్న నమ్మకం మీదే తర్వాతివారి చూపు పడుతుంది. దిద్దని పుటని ఎవరో ఒకరు ముట్టుకుంటారు. దిద్దినట్టు గుర్తున్నదాని జోలికి ఎవరొస్తారండీ?

గుణింతం:
ఆయన నేను కాదు గానీ, నేనూ ఆ పని చేశాను. అచ్చుదిద్దే పోటీలో పుటకింతని పాయింట్లు. మన భాషే కదా, కన్ను అక్షరాలు చదవదు, మాటని ఊహించేసుకుని ముందుకెళ్లిపోతుంది. ఒకావిడ నా పుట ఒకటే తీసుకుని దిద్ది, నా పాఠానికీ ఆవిడ దిద్దినదానికీ తేడాలు చూపే లంకె పంపారు. 19 తప్పులు. ఒక్క మాట అనలేదు. ఇప్పుడు స్కాన్ పెద్దది చేసి, తెరకి స్కేలు ఆనించి, చివరి వరుస నుంచి పైకి చదువుతాను. నవ్వకండి, పని చేస్తుంది.

రెండోచూపు:
మీరన్నట్టే ఒక పుట దిద్ది లంకె పంపాను. జవాబొచ్చింది. ఫోన్‌లో చేస్తున్నారట, స్కాన్ బొమ్మ తెరుచుకోవడం లేదట! పాఠం ఒక్కటే చూసి, వింతగా తోచిన మాటల్ని మార్చుకుంటూ పోయారు. మరి పెళ్లికూతురి కథలో ఎరువులేమిటని అడిగితే, పాత పత్రిక కదా, అలాగే రాశారేమో అనుకున్నారట.

పుటలన్నీ ‘దిద్దనివి’ చేశాను. ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని 5 పుటలు మళ్లీ చేశారు. చూశాను, అరసున్నలు ఉన్నాయి. ఆ రెండు నిలువు వరుసల పుట మాత్రం ఆయనకే వదిలాను.