ఫ్యూజన్ పోస్ట్‌ను ఒక్క కస్టమర్‌కే లాక్ చేయడం ఎలా?

బొబ్బిలిలో ఒక మెషిన్ షాపుకు ఫ్యూజన్ (ఆటోడెస్క్ డిజైన్, మెషినింగ్ సాఫ్ట్‌వేర్) పోస్ట్ ప్రాసెసర్ రాసిచ్చాను; అంటే టూల్ కదలికలను మెషిన్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా, జీ-కోడ్‌గా మార్చే ఫైల్. ఫానుక్ కంట్రోల్, 4వ యాక్సిస్ ఉన్న వీఎంసీ (కంప్యూటర్‌తో నడిచే నిలువు మిల్లింగ్ మెషిన్) వాళ్లది. పోస్ట్ ఉండే సీపీఎస్ ఫైల్ జావాస్క్రిప్టే కాబట్టి నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే లెక్కలన్నీ కనిపిస్తాయి. అందుకే ఎన్‌క్రిప్ట్ చేసి ఇచ్చాను. కోడ్ కనబడటం లేదు గానీ, ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పక్క షాపుకు వెళ్లి అక్కడా చక్కగా జీ-కోడ్ ఇచ్చేస్తోంది.

పోస్ట్ మొదలవగానే నడిచే ఆన్‌ఓపెన్ ఫంక్షన్‌లో గడువు తేదీ పెట్టి, దాటితే ఎర్రర్ వచ్చేలా చేశాను. విండోస్‌లో తేదీ వెనక్కి జరిపితే మళ్లీ నడుస్తోంది. పైగా ఈ పద్ధతి నాకే నచ్చలేదు: నైట్ షిఫ్టులో గడువు ముగిస్తే, డబ్బు కట్టిన కస్టమర్ మెషిన్ జాబ్ బిగించి ఉండగానే కొత్త జీ-కోడ్ రాక ఆగిపోతుంది.

మాస్టర్‌క్యామ్ అనే ఇలాంటి మరో సాఫ్ట్‌వేర్‌లో పోస్ట్‌ను కస్టమర్ లైసెన్స్‌కు కట్టేయవచ్చు. ఫ్యూజన్‌లో అలా ఒక్క షాపులోనే నడవాలంటే పోస్ట్ లోపల దేన్ని చెక్ చేయాలి?