తెలుగులో ‘గా’ వచ్చిన ప్రతిచోటా ఇంగ్లీషులో అడ్వెర్బ్ వస్తుందా?

ప్రశ్న (ఏడవ తరగతి విద్యార్థిని తల్లి):

అందరికీ నమస్కారం. మా అమ్మాయికి పెట్టిన వ్యాకరణ పరీక్షలో ‘ద మ్యాంగో టేస్ట్స్ స్వీట్’ అనే వాక్యమిచ్చి, ‘స్వీట్’ ఏ భాషాభాగమో గుర్తించమన్నారు. మామిడిపండు తియ్యగా ఉందని అర్థం చెప్పుకొని, ‘తియ్యగా’ క్రియావిశేషణమే కదా అనుకొని, అమ్మాయి అడ్వెర్బ్ అని రాసింది. దాన్ని కొట్టేసి అడ్జెక్టివ్ అని దిద్దారు. ఇంట్లో అలా నేర్పినది నేనే కనుక నాకు చాలా బాధ కలిగింది. పైగా ‘షి వర్క్స్ హార్డ్’లో ‘లీ’ లేని ‘హార్డ్’ అడ్వెర్బ్ అట, ‘ఫ్రెండ్లీ’లో ‘లీ’ ఉన్నా అది అడ్జెక్టివ్ అట. వీటిని పోల్చుకునే మార్గం దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఇంగ్లీషు ఉపాధ్యాయుడు):

అమ్మా, మీరు పొరబడిన చోటే తెలుగు పిల్లల్లో చాలామంది పొరబడతారు. మన ‘గా’ రెండు పనులు చేస్తుంది: ‘వేగంగా పరుగెత్తాడు’లో పని జరిగిన తీరును చెబుతుంది, ‘పండు తియ్యగా ఉంది’లో పండు గుణాన్ని చెబుతుంది. ఇంగ్లీషులో మొదటిదానికి అడ్వెర్బ్, రెండవదానికి అడ్జెక్టివ్ వస్తాయి. అందువల్ల ‘గా’ను కాకుండా ముందుగా వెర్బ్‌ను పరీక్షించండి. వెర్బ్ తీసేసి ఆ చోట ‘ఈజ్’ పెట్టినా అర్థం పెద్దగా మారకుండా వాక్యం నిలిచిందంటే, తరువాతి మాట కర్త గుణాన్ని చెబుతున్నట్టు. ‘ద మ్యాంగో ఈజ్ స్వీట్’ చక్కగా నిలిచింది కదా.

ఈ విషయంలో తెలుగే మనకు మంచి సాయం చేస్తుంది. ‘షి లుక్డ్ యాంగ్రీ’ అంటే ఆమె కోపంగా కనిపించింది, ‘షి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ద డాగ్’ అంటే కుక్క వైపు కోపంగా చూసింది. రెండింటిలోనూ ‘కోపంగా’ మారలేదు కానీ, ఇంగ్లీషులో ఒకటే అయిన ‘లుక్’ తెలుగులోకి వచ్చేసరికి కనిపించడం, చూడడం అని రెండు క్రియలుగా విడిపోయింది. ‘స్మెల్’ కూడా అంతే: పువ్వు వాసన వస్తుంది, మనం వాసన చూస్తాం. మొదటి రకం క్రియ పక్కన అడ్జెక్టివ్, రెండవ రకానికి అడ్వెర్బ్.

జవాబు 2:

‘లీ’ సంగతి నేను చెబుతాను. ప్రాచీన ఆంగ్లంలో విశేషణానికి ‘లీచ్’, క్రియావిశేషణానికి ‘లీచె’ అనే ప్రత్యయాలు విడిగా ఉండేవి. చివరి అచ్చు అరిగిపోయి, కాలక్రమంలో రెండూ ‘లీ’గా కలిసిపోయాయి. నామవాచకానికి చేరితే చాలావరకు అడ్జెక్టివ్ వస్తుంది: ఫ్రెండ్లీ, కాస్ట్లీ, బ్రదర్లీ. అడ్జెక్టివ్‌కు చేరితే చాలావరకు అడ్వెర్బ్ వస్తుంది: స్లోలీ, క్విక్లీ. ‘హార్డ్’ కథ కూడా ఇటువంటిదే. దాని అడ్వెర్బ్ రూపానికి ఒకప్పుడు చివర ‘ఎ’ ఉండేది, అది పోయాక రెండు రూపాలూ ఒకటయ్యాయి. ‘హార్డ్లీ’ మాత్రం వేరే మాట. ‘షి హార్డ్లీ వర్క్స్’ అంటే ఆమె పని చేయడం లేదన్నంత తక్కువగా చేస్తుందని అర్థం. కష్టపడే మనిషిని పొగడబోయి అలా రాస్తే అది నిందగా మారుతుంది.

ప్రశ్నించినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాత్రి అమ్మాయికి ‘టర్న్’ ఇచ్చి చూశాను. ‘ద లీవ్స్ టర్న్‌డ్ ఎల్లో’ అంటే ఆకులు పసుపు రంగుకు మారాయని, ‘హి టర్న్‌డ్ క్విక్లీ’ అంటే గబుక్కున వెనక్కి తిరిగాడని తనే విడదీసి చెప్పింది. అయితే ‘గో హోమ్’లో ‘హోమ్’ నామవాచకమే కదా అని అడిగితే నాకు సమాధానం తోచలేదు.

జవాబు 1 (ఇంగ్లీషు ఉపాధ్యాయుడు):

అక్కడ అది అడ్వెర్బ్ అమ్మా. ‘ఇంటికి’లోని ‘కి’ అర్థం ‘హోమ్’లోనే ఇమిడి ఉంది కనుకనే ‘గో టు హోమ్’ అనకూడదు. ‘స్కూల్’లో ఆ అర్థం లేదు కాబట్టి ‘గో టు స్కూల్’ అంటాం. అమ్మాయి చేత ఈ రెండింటినీ పక్కపక్కనే రాయించి చూపించండి.