ఓజోన్ రంధ్రం: రుజువు పూర్తి కాకముందే నిషేధించడం న్యాయమేనా?

వింజామర
ఓజోన్ పొరను కాపాడటానికి దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం వల్ల మేలు జరిగిందనే నేనూ ఒప్పుకుంటాను. నా పేచీ అది చేసిన పద్ధతితో. 1987 సెప్టెంబరు 16న సంతకాలు పెట్టేనాటికి అంటార్కిటికా మీద ఓజోన్ ఎందుకు తరిగిపోతోందో ఇంకా తేలలేదు. క్లోరిన్ వల్లేనని కొందరు, గాలుల ప్రసరణ మారిందని కొందరు, సూర్యుడి ప్రభావమని ఇంకొందరు. అది తేలకుండానే ఫ్రిజ్‌లు, ఏసీలు, ఫోము, స్ప్రే డబ్బాలు అన్నిటికీ ఆధారమైన సీఎఫ్‌సీల (క్లోరోఫ్లోరోకార్బన్ వాయువుల) మీద కత్తెర వేశారు. చివరికి అనుమానం నిజమైంది. కాకపోయి ఉంటే? రుజువుకు ముందే శిక్ష వేయడం మంచి అలవాటంటారా?

ఉత్తరాయణం
వింజామర గారూ, మీరు చెప్పిన తేదీ సరైనదే కానీ దానికి ముందు పదమూడేళ్ల చరిత్ర ఉంది. రసాయన శాస్త్రవేత్తలు మోలినా, రోలాండ్ 1974లోనే ‘నేచర్’ పత్రికలో విషయం బయటపెట్టారు. సీఎఫ్‌సీలు కింద దేనితోనూ చర్య జరపవు, వానకు కరగవు, కాబట్టి మెల్లగా ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్ దాకా చేరతాయి. అక్కడ అతినీలలోహిత కిరణాలు వాటిని విరగ్గొడితే క్లోరిన్ విడిపోతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు, తాను ఖర్చవకుండానే, సుమారు లక్ష ఓజోన్ అణువుల్ని నాశనం చేయగలదు. మరుసటి ఏడాదే బెలూన్లు పంపి చూస్తే సీఎఫ్‌సీలు నిజంగానే పైన ఉన్నాయి, ఎత్తుకు వెళ్లేకొద్దీ సిద్ధాంతం చెప్పిన తీరులోనే తగ్గుతున్నాయి. 1978లో అమెరికా స్ప్రే డబ్బాల్లో వాటి వాడకాన్ని చాలావరకు ఆపేసింది. ఆ తర్వాత ‘ఇంకా పరిశోధన కావాలి’ అంటూనే ఏళ్లు గడిచాయి.

1985 మేలో బ్రిటిష్ శాస్త్రవేత్తలు ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ అంటార్కిటికాలోని హేలీ బే కేంద్రం కొలతల్ని ప్రచురించారు. అక్టోబరులో 300 డాబ్సన్ యూనిట్ల (ఓజోన్ ఎంత ఉందో చెప్పే కొలమానం) చుట్టూ ఉండే ఓజోన్ 200 కిందికి దిగింది. అంత తరుగుదలని ఎవరి లెక్కలూ ఊహించలేదు. నాసా ఉపగ్రహానికీ ఇది కనిపించింది, కానీ మరీ తక్కువగా ఉన్న అంకెల్ని సాఫ్ట్‌వేర్ అనుమానాస్పదమని గుర్తుపెట్టి పక్కన ఉంచింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇదే. విషయం తేలలేదంటే ప్రమాదం తక్కువే అయి ఉంటుందని ధీమా పడతాం. ఇక్కడ అది అందరి అంచనా కంటే ఘోరంగా తేలింది.

ఇక ఆగి చూడాల్సిందన్న మాట. సీఎఫ్‌సీ-11 గాలిలో సుమారు 50 ఏళ్లు, సీఎఫ్‌సీ-12 సుమారు 100 ఏళ్లు నిలుస్తాయి. ఫ్యాక్టరీ మూసినా అప్పటిదాకా వదిలింది పైనే ఉంటుంది. పైగా 1987లో రాసుకున్నది పూర్తి నిషేధం కాదు. సంపన్న దేశాలు 1990ల చివరికల్లా సగానికి తగ్గించాలి, కొత్త ఆధారాలు వస్తే షరతులు మార్చుకోవాలి, అంతే. ఆ వారాల్లోనే చిలీలోని పుంటా అరీనాస్ నుంచి నాసా ఈఆర్-2 విమానం రంధ్రంలోకి వెళ్లింది. క్లోరిన్ ఓజోన్‌తో చర్య జరిపితే పుట్టే క్లోరిన్ మోనాక్సైడ్ ఎక్కడ పెరిగిందో సరిగ్గా అక్కడే ఓజోన్ పడిపోయింది. 1988 మార్చి మొదట్లో తగ్గించాల్సిన తొందరేమీ లేదన్న సీఎఫ్‌సీల తయారీ కంపెనీ డ్యూపాంట్, అదే నెలాఖరుకు తయారీ పూర్తిగా మానేస్తామంది.

కొండగాలి
నాదొక సందేహం. సీఎఫ్‌సీలు గాలి కంటే బరువు కదా, అంత పైకెలా వెళ్తాయి? అగ్నిపర్వతాలు కక్కే క్లోరినే ఎక్కువని కూడా చదివాను.

ఉత్తరాయణం
చాలామంది అడిగేదే అండీ. దాదాపు 100 కిలోమీటర్ల ఎత్తు దాకా గాలి ప్రవాహాలు, సుడులు వాయువుల్ని కలిపేస్తూనే ఉంటాయి. అణువు బరువుకు అక్కడ ప్రాముఖ్యం లేదు. అగ్నిపర్వతాల క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్ రూపంలో వస్తుంది, అది నీటిలో కరిగి చాలావరకు వానతోనే దిగిపోతుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం సీఎఫ్‌సీల్లోనే ఉండే ఫ్లోరిన్. స్ట్రాటోస్ఫియర్‌లో క్లోరిన్‌తో పాటే హైడ్రోజన్ ఫ్లోరైడ్ కూడా పెరుగుతూ వచ్చింది. అంత మొత్తాన్ని అక్కడికి చేర్చే సహజ మార్గమేదీ లేదు.

నిలకడ
శాస్త్రం సరే, భారం ఎవరి మీద పడింది? అమెరికాలో 2008 ఆఖరుకు సీఎఫ్‌సీతో పనిచేసే ఆల్బ్యుటెరాల్ (ఆస్తమా మందు) ఇన్‌హేలర్లు ఆపేశారు. చౌక జెనరిక్‌లు మాయమయ్యాయి. కొత్త వాయువుతో కొత్త పేటెంట్లు వచ్చాయి, ఆస్తమా రోగుల జేబుకు చిల్లు పడింది. ఇన్‌హేలర్ల నుంచి వెలువడేది మొత్తంలో చాలా చిన్న భాగం. ఊపిరందని మనిషి చేత ఎక్కువ డబ్బు కట్టించిన ఈ నిర్ణయం గురించి ఓజోన్ విజయగాథల్లో ఒక్క వాక్యం ఉండదు. నాకు కోపం అందుకే.

దేశాల మధ్యా అదే తంతు జరగబోయింది. పొరని పాడుచేసింది సంపన్న దేశాలు. ఖరీదైన కొత్త వాయువులు కొనుక్కోమన్నది అందరినీ. భారత్, చైనా సంతకం పెట్టకుండా గట్టిగా నిలబడ్డాయి కాబట్టే 1990లో లండన్‌లో వర్ధమాన దేశాల మార్పిడి ఖర్చుకు బహుపాక్షిక నిధి పుట్టింది. మొదటి మూడేళ్లకు 16 కోట్ల డాలర్లు, ఆ రెండు దేశాలూ చేరితే ఇంకో 8 కోట్లు. నిధి లేకపోతే ఒప్పందం కాగితంగానే మిగిలేదని నా నమ్మకం.

ఉత్తరాయణం
నిలకడ గారూ, నిధి విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇన్‌హేలర్ల విషయంలోనూ తప్పు నిషేధానిది కాదు, ధరలకు కళ్లెం వేయకపోవడానిది.

కొండగాలి
మరి సీఎఫ్‌సీల బదులు తెచ్చిన, క్లోరిన్ లేని హెచ్‌ఎఫ్‌సీల సంగతి? భూతాపానికి అవీ కారణమే కదా?

ఉత్తరాయణం
అవును. హెచ్‌ఎఫ్‌సీ-134ఏ ఓజోన్‌ని తినదు, కానీ వందేళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అది పక్కకు తప్పించిన సీఎఫ్‌సీ-12 శక్తి దాదాపు 10,000 రెట్లు. సీఎఫ్‌సీలు భూమిని వేడెక్కిస్తాయని శాస్త్రవేత్త వీరభద్రన్ రామనాథన్ 1975లోనే చూపించారు. అంటే ఆ మార్పిడిలో వాతావరణానికీ లాభమే జరిగింది. అయినా హెచ్‌ఎఫ్‌సీల మీద కట్టడి 2016లో కిగాలీలో మాంట్రియల్ ఒప్పందాన్ని సవరించేదాకా రాకపోవడం అన్యాయం. బదులు ఏది వాడాలో ఎంచుకోవడం తయారీదార్లకే వదిలేశారు, వాళ్లు తమ యంత్రాలకు దగ్గరగా ఉన్నదే తీసుకున్నారు.

వింజామర
అయితే మీ తర్కాన్నే ముందుకు నడుపుతాను. మనిషి వదిలే వాయువుల్లో ఇప్పుడు ఓజోన్‌ని ఎక్కువగా దెబ్బతీసేది నైట్రస్ ఆక్సైడ్ అని ఎ.ఆర్. రవిశంకర బృందం 2009లో చెప్పింది. అదీ గాలిలో వందేళ్లకు పైగా ఉంటుంది. మాంట్రియల్ జాబితాలో దాని పేరే లేదు. ఎక్కువ భాగం పొలాల్లో వేసే నత్రజని ఎరువుల నుంచే వస్తుంది. దాన్నీ నిషేధించాలా?

ఉత్తరాయణం
నిషేధం కుదరదు. సీఎఫ్‌సీలకు బదులు దొరికింది, చేసే కంపెనీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. నత్రజని లేకుండా పంట లేదు, వేసేది కోట్ల మంది రైతులు. కానీ వేసిన ఎరువులో మొక్కకు అందకుండా పోయే వాటా పెద్దది. తగ్గించాల్సింది దాన్ని. నైట్రిక్ ఆమ్లం, అడిపిక్ ఆమ్లం చేసే ఫ్యాక్టరీల నుంచి కూడా ఇదే వాయువు వస్తుంది. అక్కడ దాన్ని విడగొట్టే పరికరాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాటిని తప్పనిసరి చేయడానికి రైతు దగ్గరికి వెళ్లక్కర్లేదు, ఏ రుజువు కోసమూ ఎదురుచూడక్కర్లేదు. దీనికి మీ అభ్యంతరం ఏమిటో చెప్పండి.