దప్పరమా, దెప్పరమా? ‘మీఁద గీడు’లో మీఁద అంటే ఏది? (మాట్లాడినోళ్ళ పేర్లకు బదులు వాళ్ళ ఊర్ల పేర్లు)

నకిరేకల్: సోలార్ ప్లాంట్లకు పరాయి దేశాల సర్కార్లు ఇచ్చే అప్పుల మీద ఊరి పత్రికకు వ్యాసం. తలకట్టుకు సుమతీ శతకంలోని, అప్పు చేసి ఆర్భాటం చేస్తే కీడు వస్తదనే పద్యం పెడుదామంటే చివరి పాదం తేలుతలేదు. ‘అప్పుగొని సేయు విభవము’ వరకు బాగనే ఉంది. ఆఖర్న ‘దప్పరమై మీఁద గీడు దెచ్చుర’ అనా, ‘దెప్పరమై’ అనా?

మిర్యాలగూడ: దెప్పరమే, అంటే ఆపద. కందం నాలుగో పాదంలో మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో యతి కుదరాలె. అక్కడున్నది ‘దెచ్చుర’. ‘ద’ పెడితే అకారానికి ఎకారంతో మైత్రి లేదు, యతి పోతుంది. మీకు మూడో పాదంలోని ‘దప్పరయని’ అడ్డం పడుతున్నది. అది తప్పు+అరయని, ముందున్న ‘తపమున్’ చివరి న్, అంటే ద్రుతం వల్ల త కాస్తా ద అయింది.

వనపర్తి: అక్షరం తేలింది సార్, అర్థం తేలలేదు. ఇక్కడ ‘మీఁద’ అంటే పైన కాదు, ముందుముందు. ‘ఇకమీద’ అనమా? అప్పు సంగతీ అదే. మన ఎగుమతి దిగుమతుల బ్యాంకు ‘ఎగ్జిమ్’ ద్వారా భారత సర్కారు వేరే దేశాలకు ఇచ్చే అప్పులకు 2015లో మార్గదర్శకాలొచ్చినయి. వాటి ప్రకారం అతి పేద దేశాలకు వడ్డీ 1.5 శాతం, గడువు 25 ఏండ్లు, అందులో మొదటి 5 ఏండ్లు అసలు సొమ్ము కట్టే పని లేకుండె. సాధారణంగా ఆ విరామం లెక్క ఒప్పందంలో రాసిన తేదీ నుంచి నడుస్తది, ప్లాంటు వెలిగిన రోజు నుంచి కాదు. భూమి దొరకక, సబ్‌స్టేషన్ దాకా లైను పడక మూడేండ్లు పోతే, కరెంటు అమ్మిన పైసలు చేతికొచ్చినంక మిగిలేది రెండేండ్లే. కీడు ‘మీఁద’ వచ్చేది అట్ల.

దేవరకొండ: ఒప్పుకోను అన్నా. మీఁద అంటే నెత్తి మీదనే. యూరోల్లో అప్పు తెచ్చి రూపాయల్లో కరెంటు అమ్మితే బరువు మొదటి రోజు నుంచే ఉంటది. రూపాయల్లో యూరో ధర ఏటా 3 శాతం పెరిగితే 20 ఏండ్లకు 1.8 రెట్లు అయితది. 2 శాతం అప్పు అని సంబురపడ్డది అక్కడ్నే 5 దగ్గరికి పోతది. దీంట్ల ‘ముందుముందు’ ఏముంది?

జడ్చర్ల: మీరిద్దరూ ‘విభవము’ను దాటిపోయిన్రు. విభవమంటే ఊరేగింపులు, పెండ్లి ఆర్భాటాలు. పైసలు తెచ్చిపెట్టని ఖర్చు. సోలార్‌కు ఇంధనం ఖర్చు లేదు, పెట్టుబడి మొత్తం ముందే పెట్టాలె. అందుకే యూనిట్ ధర చాలా మటుకు వడ్డీ మీదనే ఉంటది. 100 కోట్లు 20 ఏండ్లు సమాన వాయిదాల్లో కట్టాలంటే 9 శాతానికి ఏటా 10.95 కోట్లు, 2 శాతానికి 6.12 కోట్లు. మొరాకోలోని నూర్ వర్జాజాత్ ప్లాంట్లకు జర్మనీ సర్కారు బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ 800 మిలియన్ యూరోలకు పైగా ఇచ్చింది. మొరాకో సర్కారు సంస్థ మాసెన్ చవక అప్పులు తీసుకొని కట్టే కంపెనీకి మళ్ళా అప్పిచ్చింది, అదే దాని కిటుకు. మహారాష్ట్రలో సాక్రి 125 మెగావాట్ల ప్లాంటుకూ కేఎఫ్‌డబ్ల్యూ అప్పే. అంతెందుకు, మన పాలమూరు గడ్డ మీది శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రం, 900 మెగావాట్లది, జపాన్ అప్పుతో కట్టిందే. దాన్ని విభవమంటరా? తలకట్టుకు ‘అప్పిచ్చువాడు వైద్యుడు’ పెట్టండి.

మిర్యాలగూడ: పెడితే రెండో పాదం చూసి అచ్చెయ్యండి. ‘పారు నేరును’లో న తీసేసి ‘పారు యేరును’ అని అచ్చు వేస్తున్నరు. ‘పారు’ లాంటి ఉదంత తద్ధర్మార్థ విశేషణానికి అచ్చు పరమైతే నుగాగమం, అంటే నడుమ న, వస్తుందని వ్యాకరణం రాసిన చిన్నయసూరి చెప్పనే చెప్పిండు. ఆ న సుమతీ శతకం రాసిండనే బద్దెన చెవికి తెలుసు.

దేవరకొండ: బద్దెనదే అని తేలిందా సార్?

మిర్యాలగూడ: ఎవరిదైనా చెవి ఒకటే. మీ ‘అప్పుగొని’ పద్యమే చూడండి, రెండో పాదంలో ‘ముప్పున’కు ‘మూర్ఖుని’, నాలుగోదాంట్ల ‘దెప్పర’కు ‘దెచ్చుర’. నాలుగు పాదాల్లో ప్ప ప్రాస. ఎక్కడా ఇరికించినట్లుండదు.

నకిరేకల్: ఇంకొకటి. అప్పిచ్చిన దేశం సరుకే కొనాలనే షరతున్న అప్పును ఏమనాలె? కెన్యా గరిస్సాలో 2019లో నడకలోకొచ్చిన 50 మెగావాట్ల ప్లాంటుకు అప్పు చైనా ఎగ్జిమ్ బ్యాంకుది, కట్టింది చైనా కంపెనీ. మనమిచ్చే అప్పుల్లో కూడా ఆ 2015 మార్గదర్శకాల ప్రకారం సాధారణంగా 75 శాతం సరుకు, సేవలు ఇండియావే కావాల్సి ఉండె.

వనపర్తి: ‘ముడి అప్పు’ అనొచ్చు, సరుకుకు ముడిపెట్టిన అప్పు కాబట్టి. వడ్డీ తక్కువే, కానీ టెండర్ల పోటీ తగ్గితే ఆ తగ్గింపు సరుకు ధరలో పోతది. పదేండ్లకు ఇన్వర్టర్ బోర్డు కాలితే విడిభాగానికి మళ్ళా ఆ కంపెనీ గడపే తొక్కాలె.

కల్వకుర్తి: వ్యాసంలో ఉత్త ‘2 శాతం’ అని రాయకండి. ఊర్ల చదివేటోళ్ళకు అది రెండు రూపాయల మిత్తి, అంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24. ‘నూటికి ఏడాదికి రెండు రూపాయలు, నెలకు 17 పైసల లెక్క’ అని విప్పి రాయండి. మిత్తి మాట మృత్యువు వికృతి అని గుర్తుంచుకోండి.

మిర్యాలగూడ: ఆ మిత్తి వేరు. వృద్ధి వడ్డి అయింది. మృత్యువు మిత్తి అయింది. అప్పు మిత్తి మాత్రం షావుకార్ల లెక్కలోని ‘మితి’, తేదీ నుంచి తేదీకి కట్టే లెక్క, అయ్యుంటదనుకుంట.

కల్వకుర్తి: మితిలో ఒక్క తకారమే. రెండోది ఎక్కడిది సార్?

దేవరకొండ: అది తర్వాత. ‘మీఁద’ సంగతి తేల్చండి.

నకిరేకల్: పత్రిక రేపు అచ్చుకు పోవాలె. దెప్పరమై పద్యమే పెడుతున్న. విభవము మీద జడ్చర్ల అన్న మాట కింద రాస్త.

మిర్యాలగూడ: పెట్టండి. మీఁదకు అరసున్న మరువకండి.