కదలకుండ బండి గమ్యమందె: రైలు సభ కోసం సమస్యాపూరణం

గుంటూరులో రైళ్ల మీద, మన ప్రాంతపు వారసత్వం మీద ఒక చిన్న సాహిత్య సభ పెడుతున్నాం. పుస్తకాల బల్లలు, పాత టికెట్లు, పాత ఫొటోలు, కథలు చదవడం అన్నీ ఉంటాయి. ఆశుకవిత్వానికి పేరుపడ్డ కొప్పరపు సోదర కవులు పుట్టిన కొప్పరం నరసరావుపేట దగ్గరే కదా, అలాంటి నేలలో సభ అంటే సమస్యాపూరణం, అంటే చిక్కుగా ఇచ్చిన ఒక పాదానికి మిగతా పాదాలు కూర్చి పద్యం పూర్తి చేయడం, లేకుండా ఎలా? ఆటవెలదిలో ఇస్తున్నాను. నాలుగో పాదం ఇది:

కదలకుండ బండి గమ్యమందె

మిగతా మూడు పాదాలు మీవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో పాదం అంతా సూర్యగణాలే. (గణం అంటే లఘువులు, గురువులు, అంటే పొట్టి, పొడుగు అక్షరాలు, కలిసిన చిన్న గుంపు.) నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదిరే అక్షరం రావాలి. దానికి బదులు రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా సరే. కదలని బండి ఊరు చేరడమే ఇక్కడ చిక్కు. ఆ చిక్కు విప్పితే చాలదు, విప్పిన తర్వాత మిగిలే మాట నిజమైనదై ఉండాలి. నేను చూసేది అదే.

ఇప్పటిదాకా వచ్చినవాటిలో మొదట మంగళగిరి తమ్ముడి పూరణ:

బొగ్గు తిన్న నాటి పొగబండి యీనాడు
పూలతోట నడుమ పొలుపు మీర
పిల్లలెల్ల మూగ బిలబిల, నిలిచెను
కదలకుండ బండి గమ్యమందె

తమ్ముడూ, మంచి విరుపు. అందరూ 'అందె'ను క్రియ అనుకుంటారు. నువ్వు దాన్ని 'గమ్యంలోనే' అన్న అర్థానికి తిప్పావు. రిటైరైన ఆవిరి ఇంజన్‌కి రంగులేసి తోటలో నిలబెడితే, దాని ప్రయాణం ముగిసిన చోటు అదే. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ఒక్క లోపం, మొదటి పాదంలో 'పొగబండి' అని, చివర మళ్లీ 'బండి' వచ్చింది. సమస్యలో ఉన్న మాటను ముందే వాడేస్తే చివరి పాదం బలం తగ్గుతుంది. ఇలా మార్చి చూడు: 'బొగ్గు మేసి పొగలు పోసిన దీనాడు'. యతి చెడదు, పునరుక్తి పోతుంది.

తెనాలి నుంచి ఒక టీచరమ్మ:

తాత పాత రైలు దారి ముచ్చటలెత్త
అరుగు మీద చేరి యాలకించి
కనులు మూయగానె కనిపించె రేపల్లె
కదలకుండ బండి గమ్యమందె

అమ్మా, మూడో పాదం చదివి చాలాసేపు ఆగిపోయాను. 'కనిపించె రేపల్లె' అనడంలో బండి దిగిన సంబరం ఉంది. ఆ దారి 1916లో వేసినది. గుంటూరు నుంచి తెనాలి మీదుగా రేపల్లె దాకా పోయే ఆ బండి ఎన్ని ఇళ్ల పెళ్లిళ్లకు, ఎన్ని ఇళ్ల చదువులకు మనుషుల్ని మోసిందో, ఆ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. 'ఎత్త' తర్వాత 'అరుగు' విడిగా ఉంది, సంప్రదాయులు 'నరుగు' అంటారు. పాదం మారుతున్న చోట ఇలా సంధి చేయకుండా వదిలే విసంధిని నేను తప్పు పట్టను, కానీ సభలో ఎవరైనా పెద్దాయన అడిగితే మీకు తెలిసి ఉండాలని చెబుతున్నాను.

విజయవాడ కృష్ణలంక కుర్రాడు పంపినది:

వరద వచ్చి తాక వంతెన స్తంభాలు
నీట నిలిచి యుండె నిబ్బరముగ
కృష్ణ దాటు వేళ కిటికీలో చూస్తుంటె
కదలకుండ బండి గమ్యమందె

బాబూ, నీ ఊహ పెద్దది, పద్యం దానికి అందలేదు. ముందు గణం చూడు. 'కిటికీలో' అంటే రెండు లఘువులు, రెండు గురువులు. ఇంద్రగణాల్లో అలాంటిది లేదు. 'కిటికీన' అంటే సలం అనే ఇంద్రగణం అవుతుంది, అది చిన్న సవరణే. పెద్ద చిక్కు అన్వయంలో, ఏ మాట దేనికి చెందుతుందన్న దాంట్లో, ఉంది. కదలనివి స్తంభాలు. కానీ రెండో పాదంలోనే వాక్యం పూర్తి చేసి, మధ్యలో కిటికీ తెచ్చావు. అందువల్ల 'కదలకుండ' అన్నది మళ్లీ బండి మీదికే పోయింది, సమస్య సమస్యగానే మిగిలింది. నీ ఊహ మీద ఇష్టంతో నేను ఇలా కట్టాను:

కృష్ణ పొంగి పొరలి కెరటాలు తాకినా
నీటిలోని కాళ్లు నిబ్బరముగ
వంతెనంత మోసి వడకక నిలువగా
కదలకుండ, బండి గమ్యమందె

ఇప్పుడు 'నిలువగా కదలకుండ' అని కాళ్లకు పట్టుకుంటుంది. 'కృ'కు 'కె'తో యతి కుదురుతుందా అని అడుగుతావేమో, ఋకారానికి ఎకారంతో మైత్రి ఉంది. బెజవాడకు సికింద్రాబాద్ వైపు నుంచి 1889లో నిజాం రైలు వచ్చింది. 1899లో మద్రాసు దారి కలిసింది. కృష్ణ మీద వంతెన లేకపోతే ఈ రెండూ చెరో ఒడ్డున ఆగిపోయేవే. పది ప్లాట్‌ఫారాల జంక్షన్ అయిందంటే నీటిలో నిలబడ్డ ఆ కాళ్ల వల్లే. నువ్వు సరైన చోటే చూశావు, మళ్లీ రాయి.

బాపట్ల నుంచి రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన:

ఎండలోన మాడి యేటి వానల నాని
కంకర కుదిరించి గట్టి చేసి
సుత్తె పట్టు వారు చూచిన పట్టాలు
కదలకుండ, బండి గమ్యమందె

అయ్యా, నమస్కారం. ఈ సమస్య ఇచ్చేటప్పుడు నా మనసులో ఇలాంటి పూరణ లేదు. కదలకూడనిది పట్టా! బండి కదలాలంటే దాని కింద ఏదీ కదలకూడదు. ఎండాకాలం మన వైపు పట్టా వేడికి సాగుతుంది. కంకర బిగువుగా లేకపోతే పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపర్లు జరిగి పట్టా పక్కకు వంకరపోతుంది. బండి ఎక్కినవాళ్లకు అదేమీ కనపడదు. తెల్లారకముందే భుజాన సుత్తి, స్పానర్ వేసుకుని తనకు అప్పగించిన దారి, అంటే తన బీటు, అంతా నడిచి పట్టాలు చూసే కీమ్యాన్‌కి కనపడుతుంది. ఒక్కో బిగింపు దగ్గర ఆగి, వదులైనదాన్ని సుత్తితో కొట్టి, మళ్లీ నడుస్తాడు. పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్ల దూరం రోజూ అంతే ఉండటం ఇలాంటి వాళ్ల వల్లే.

ఈ పద్యంలో శబ్దచమత్కారం తక్కువ. 'కదలకుండ' అన్న మాటను విరవలేదు, మెలి తిప్పలేదు. దాని కర్తను మాత్రం మార్చారు. వైరుధ్యం మొత్తం ఒక్క దెబ్బకు పోయింది. పైగా మూడు పాదాల్లోనూ మనుషుల కష్టం ఉంది.

ఒంగోలు సోదరి ప్రశ్న: 'చూచిన' బలహీనంగా లేదా? 'బిగియించు పట్టాలు' అంటే పని ఇంకా బాగా కనపడుతుంది కదా?

లేదమ్మా. మొదట, యతి పోతుంది. సుత్తెలో 'సు'కు 'చూ'తో మైత్రి ఉంది, 'బి'తో లేదు. యతి సంగతి పక్కన పెట్టినా 'చూచిన' అన్నదే సరైన మాట. కీమ్యాన్ ఉద్యోగం ముందు చూడటం, తర్వాతే బిగించడం. చూపు తప్పితే సుత్తి ఉన్నా లాభం లేదు. ఈ మాట అనుభవం ఉన్నవారే వేయగలరు.

విజయవాడ నుంచి ఇంకొకరు: సత్యనారాయణపురంలో రైలు దారి తీసేసి రోడ్డు వేశారు కదండీ, దాని మీద కూడా ఒక సమస్య ఇవ్వండి.

తప్పకుండా ఇస్తాను, ఈసారి కందంలో. ఈ సమస్యకు పూరణలు ఆదివారం రాత్రి దాకా తీసుకుంటాను. బాపట్ల అయ్యగారి పద్యం సభలో మొదట చదివిస్తాం, వీలైతే వారే వచ్చి చదవాలని నా కోరిక. కృష్ణలంక బాబూ, నీ రెండో ప్రయత్నం కోసం ఒక చోటు ఖాళీగా ఉంచాను. నేను కట్టిన పద్యం అందులో పెట్టకు, నీదే కావాలి.