పోలీసులు ఫోను తీసుకుంటే: సోదా, స్వాధీనం, మన హక్కులు – అనుభవాలు చెప్పండి

మిర్చియార్డు_గుంటూరు:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు యార్డులో కమీషన్ వ్యాపారి. అతని దగ్గర సరుకు కొన్న ఒకరిపై మోసం కేసు నమోదైతే, సాక్షిగా స్టేషన్‌కు పిలిపించి అతని సెల్‌ఫోను తీసుకున్నారు. రైటరు తెల్లకాగితం మీద ‘నల్లరంగు ఫోను ఒకటి’ అని రాసుకున్నారే తప్ప ఐఎంఈఐ (ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే గుర్తింపు) నంబరు వేయలేదు, నకలూ ఇవ్వలేదు. రైతుల తక్‌పట్టీల (సరుకు అమ్మిన లెక్క చీటీల) ఫోటోలు, బ్యాంకు సందేశాలు, ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. లాక్ నంబరు అడిగితే భయపడి చెప్పేశాడు. చెప్పక తప్పదా?

బ్రాడీపేట_అడ్వకేటు:
నిందితుణ్ణి తనకు తానే వ్యతిరేక సాక్షిగా మారమని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20(3) అధికరణ చెబుతోంది. సాక్షికి కూడా, తనను నేరంలో ఇరికించే జవాబు ఇవ్వనవసరం లేదన్న రక్షణ బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 180వ సెక్షన్‌లో ఉంది. అయితే వేలిముద్రలు ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కిందికి రాదని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది కాబట్టి, లాక్ నంబరు వేలిముద్ర లాంటిదా, మనసులోని మాట లాంటిదా అన్నదే అసలు తగువు. కోర్టు ఆదేశంతో అడగవచ్చని కర్ణాటక హైకోర్టు 2021లో చెప్పగా, నిందితుణ్ణి బలవంతపెట్టరాదని ఢిల్లీలోని సీబీఐ ప్రత్యేక కోర్టు 2022లో చెప్పింది. ఈ రెండూ మన రాష్ట్ర కోర్టులు తప్పక పాటించాల్సినవి కావు. నా మటుకు నాకు రెండోదే సబబు.

బీసెంట్‌రోడ్డు_సెల్‌షాపు:
అన్నగారూ, మా అనుభవం వేరు. దొంగిలించిన ఫోను ఒకటి మా షాపులో మరమ్మతుకు వచ్చిందని ఎస్‌ఐ గారు సోదాకు వచ్చారు. పక్క షాపుల వాళ్లిద్దరిని మధ్యవర్తులుగా (సోదాకు సాక్షులుగా) కూర్చోబెట్టి, మొదటి నుంచి చివరిదాకా వీడియో తీయించారు. మా ముందే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఐఎంఈఐ రాసి, కవరులో పెట్టి సీలు వేసి, దాని మీద అందరి సంతకాలు తీసుకున్నారు. మధ్యవర్తుల నివేదిక నకలు అడగకముందే ఇచ్చారు. చట్టప్రకారం నడుచుకుంటే మాకు భయమూ లేదు, వాళ్లకు అడ్డూ లేదు.

బ్రాడీపేట_అడ్వకేటు:
ఆ వీడియో ఎస్‌ఐ గారి మంచితనం వల్ల తీసింది కాదు. 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 105వ సెక్షన్ కింద అది తప్పనిసరి. దాన్ని ఆలస్యం లేకుండా మెజిస్ట్రేటుకు పంపాలి కూడా.

సత్యనారాయణపురం_నివాసి:
మా అబ్బాయిని రాత్రిపూట బెంజిసర్కిల్ దగ్గర ఆపి, కేసు ఏదీ లేకుండానే వాట్సాప్ తెరిచి చూపించమన్నారు. 2021లో హైదరాబాద్‌లోనూ గంజాయి పేరుతో ఇలాగే చూస్తున్నారని పెద్ద దుమారం రేగింది. గోప్యత ప్రాథమిక హక్కని తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017లో తీర్పు ఇచ్చాక కూడా రోడ్డు మీద పిల్లవాడు ఎవరికి చెప్పుకోవాలి?

బ్రాడీపేట_అడ్వకేటు:
ఆ తీర్పు ప్రకారం గోప్యతలో జోక్యానికి చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, జోక్యం అవసరానికి మించకూడదు. దారిన పోయేవారి ఫోను ఊరికే తిరగేయడానికి ఈ మూడింటిలో మొదటిదే దొరకదు. అంతకుముందే 2004లో, బ్యాంకుల్లోని ఖాతాదారుల పత్రాలను కలెక్టరు అధికారమిచ్చిన ఎవరైనా తనిఖీ చేయవచ్చన్న మన ఉమ్మడి రాష్ట్రపు స్టాంపుల చట్ట సవరణను సుప్రీంకోర్టు కొట్టివేసింది. కాగితం ఎక్కడున్నా గోప్యత మనిషిదేనన్నది అందులోని సారాంశం.

కానీ ఒక చేదు నిజం చెప్పాలి. సోదా అక్రమమైనా, దొరికిన సాక్ష్యం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని 1973 నాటి పూరణ్‌మల్ తీర్పు చెబుతోంది. అందుకే అభ్యంతరాన్ని ఆ రోజే కాగితం మీద పెట్టాలి. మీ తమ్ముడి విషయంలో, తీసుకున్న తేదీ, సమయం, ఐఎంఈఐ (కొన్న బిల్లు మీద ఉంటుంది) రాసి ఎస్పీ గారికి స్పీడ్ పోస్టులో పంపండి. ఫోను తిరిగి ఇప్పించమని మెజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేయండి. స్వాధీనం చేసుకున్న వస్తువులను అవసరానికి మించి స్టేషన్లలో ఉంచరాదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. డేటా నకలు తీసి ఉంటే దాని హ్యాష్ విలువను (ఆ డేటా నుంచి లెక్కకట్టే గుర్తింపు సంఖ్య, డేటా మారితే అదీ మారుతుంది) కూడా పిటిషన్‌లో అడగండి. తర్వాత ఫైళ్లలో ఏదైనా చేర్చారో తీసేశారో తేల్చేది అదే.

మిర్చియార్డు_గుంటూరు:
బిల్లు దొరికింది సార్, పెట్టె మీద ఐఎంఈఐ కూడా ఉంది. లాక్ నంబరు తన ఇష్టంతో చెప్పలేదన్న మాట కూడా అందులో రాయిస్తున్నాను. పోస్టు రసీదు రాగానే కోర్టులో పిటిషన్ వేస్తాం.